నిషాన్ లేని మాల్

నారాయణఖేడ్ బస్ డిపో వెనక సందులో ‘ఇజాజ్ ఫౌండ్రీ వర్క్స్’ అని ఒక బోర్డు ఉంటుంది. ఎర్ర రంగు మీద పసుపు అక్షరాలు. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. చూడకుండా ఉందామంటే కుదరదు, దాని పక్క షట్టరు నాదే.

నా పేరు తిరుమల. కాలిపోయిన మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టడం నా పని. మా మామ దగ్గర నేర్చుకున్నాను, ఆయన పోయాక కొట్టు నా చేతికొచ్చింది. కొత్తగా వచ్చిన రైతులు ఇప్పటికీ గుమ్మంలో నిలబడి "మేస్త్రి లేడా?" అని అడుగుతారు. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు, ఇంట్లో ఫ్యూజు పోతే నన్ను కేకేసే మనిషి. నేనే మేస్త్రినని చెప్పి మోటారు లాక్కుని బల్ల మీద పెడతాను. నాకు నోరు పెద్దదని సందంతా అంటుంది. పెద్దది కాబట్టే కొట్టు నిలబడింది. నా పక్క కొట్టులో పనిచేసే గౌసియాకు ఆ నోరు లేకపోయింది, అందుకే ఆమె సంగతి నేను చెప్పాల్సి వస్తోంది.

గౌసియా ఇజాజ్ భార్య. పగిలిన మోటారు మూత ఒకటి తెచ్చి ఇస్తే అలాంటిదే కొత్తది పోసి ఇవ్వడం వాళ్ల పని. రెండు చెక్క పేటీల్లో నల్ల ఇసుక కూరి, మధ్యలో మూత ఆకారాన్ని అచ్చు దింపి, అచ్చు తీసేశాక మిగిలిన ఖాళీలోకి కరిగిన అల్యూమినియం పోస్తారు. వినడానికి పిల్లల ఆటలాగే ఉంటుంది. ఇసుకలో తడి కాస్త ఎక్కువైతే లోహం లోపల ఉడికి చిల్లులు పడుతుంది. తక్కువైతే అంచులు రాలిపోతాయి. ఎక్కడ గట్టిగా కూరాలో, ఎక్కడ ఊచతో పొడిచి గాలికి దారి పెట్టాలో చేతికే తెలియాలి. గౌసియా గుప్పెడు ఇసుక తీసి పిసికి, వేళ్ల మధ్య విరిచి, విరిగిన అంచు చూస్తుంది. అంతే. ఆమె పోసిన మూతలో బేరింగు పెడితే మారు మాట లేకుండా కూర్చుంటుంది. నా మోటార్లు తిరుగుతున్నాయంటే సగం ఆ చేతి పుణ్యమే.

ఆ మూతల మీద ఉండే గుర్తు మాత్రం ఇజాజ్‌ది. పక్కపక్కన రెండు నిలువు గీతలు, వాటి కింద ఒక చుక్క. వాళ్లు దాన్ని నిషాన్ అంటారు. ఈ గొడవంతా దాని గురించే.

గౌసియాది సిర్గాపూర్ దగ్గర ఒక పల్లె. పెళ్లయిన కొత్తలోనే ఇజాజ్ ఆమెను పటాన్‌చెరు వైపు ఒక ఫౌండ్రీకి తీసుకుపోయాడు. దాని పేరు చెప్పను, చెబితే నోరు కడుక్కోవాలి. అక్కడ పని జంటలకే ఇచ్చేవాళ్లు. మొగుడు పేటీలు కూరాలి, పెళ్లాం కోర్లు చేయాలి. కోరు అంటే పోసిన వస్తువులో బొక్క రావడానికి లోపల నిలబెట్టే ఇసుక దిమ్మ. ఇసుకలో నూనె, బెల్లపు మడ్డి కలిపి, అచ్చులో ఒత్తి, పొయ్యిలో కాలుస్తారు. మోచేతుల దాకా మడ్డి, మడ్డి మీద ఈగలు, కళ్లల్లో పొగ. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే ఆ వాసనకు కడుపులో తిప్పేదట. కూతురు మిస్బా కడుపులో ఉన్నప్పుడు కూడా గౌసియా ఆ గదిలోనే కూర్చుంది. సూపర్‌వైజరు ముక్కుకు రుమాలు కట్టుకుని గుమ్మం దాకా వచ్చి, లెక్క చూసుకుని పోయేవాడట. లోపల రోజంతా కూర్చునేవాళ్లకు ముక్కులు ఉండవు కాబోలు!

ఆడమనిషి ఆ గది దాటి పోత పోసే చోటికి రాకూడదు. ఆడ చేయి పడిన పేటీలో లోహం ఉడుకుతుందని అక్కడివాళ్ల నమ్మకం. ఆడవాళ్లు చేసిన కోర్లు మాత్రం అదే పేటీ నడుమ కూర్చుంటాయి. అప్పుడు లోహం ఉడకదు. ఇలాంటి తెలివి చూస్తే నాకు కోపం కూడా రాదు, అసహ్యం వేస్తుంది.

ఆ ఫౌండ్రీలో ఒక పద్ధతి ఉండేది. పని నేర్చుకోవడానికి వచ్చినవాడు ఒక ఉస్తాద్ దగ్గర ఏళ్ల తరబడి ఇసుక జల్లిస్తూ, పేటీలు మోస్తూ, తిట్లు తింటూ పడి ఉంటాడు. పని వచ్చిందని ఉస్తాద్‌కు తోచిన రోజున, మేకుతో ఇసుక మీద ఒక గుర్తు గీసి "ఇగ గిది నీది" అంటాడు. అందరికీ జిలేబీ పంచుతారు. అప్పటినుంచి తను కూరే ప్రతి పేటీలో వాడు ఆ గుర్తు గీయాలి. పోతతో పాటే అది వస్తువు మీదికి వస్తుంది. చెడిపోయిన మాల్, అంటే సరుకు, ఎవరి చేతిదో పట్టుకోవడానికి కంపెనీ పెట్టిన ఏర్పాటు అది. పనివాళ్లు మాత్రం దాన్నే పట్టాగా, పరువుగా నెత్తిన పెట్టుకున్నారు. ఎవరి నిషాన్ వాళ్లంతట వాళ్లు పెట్టుకోకూడదు. ఉస్తాద్ ఇవ్వాలి.

ఇజాజ్‌కు నిషాన్ ఇచ్చింది యేసయ్య అనే పెద్ద ఉస్తాద్. అన్యాయంగా మాట్లాడను, అప్పట్లో ఇజాజ్‌కు పని వచ్చు. తర్వాత నడుము పట్టేసింది. వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు. పని పోతుందన్న భయంతో, మిగతావాళ్లు అన్నానికి పోయిన వేళ గౌసియా వచ్చి అతని పేటీలు కూరేది. ఒకరోజు యేసయ్య కంటబడింది. ఆయన అరవలేదు. పక్కన నిలబడి, "నడుమ గంత గట్టిగ గుద్దకు బిడ్డా, అంచులకు ఒత్తు" అన్నాడట. ఆ తర్వాత అన్నం వేళల్లో ఆయనే వచ్చి అన్నీ నేర్పాడు. ఇసుక ఎలా పిసికి చూడాలో, కరిగిన లోహం పైపొర చూసి ఎప్పుడు దించాలో, పోసేటప్పుడు చేయి ఎందుకు ఆగకూడదో. చివరికి ఒకనాడు ఆమె పోత తిప్పి చూసి, "ఇజాజ్‌గాని కన్న నీ చెయ్యే మంచిగున్నది" అన్నాడు.

"గట్లయితే నాకు నిషాన్ ఇయ్యి ఉస్తాద్" అంది గౌసియా.

యేసయ్య బుర్ర గోక్కున్నాడట. "ఆడోళ్లకు నిషాన్ ఎట్లిస్త బిడ్డా? అందరు నవ్వుతరు."

గౌసియా ఇప్పటికీ ఆయన్ను దేవుడిలాంటివాడు అంటుంది. నేను అనను. చేయి బాగుందని ఒప్పుకుని, గుర్తు ఇవ్వడానికి నలుగురి నవ్వుకు జంకిన మనిషి మంచితనం నాకెందుకు? ఆ రోజు నుంచి గౌసియాకు కావలసింది ఒక్కటే. తను చేసిన వస్తువు మీద ఇంకొకరి గుర్తు ఉండకూడదు. నగలూ చీరలూ ఆమె ఎప్పుడూ అడగ్గా నేను వినలేదు.

ఆ ఫౌండ్రీకి యంత్రాలు వచ్చి చేతిపని వాళ్లను పంపేశాక, ఇద్దరూ ఖేడ్‌కు తిరిగొచ్చి నా పక్కన కొట్టు పెట్టారు. ముందు కుర్చీ, చాయ్, ఫోను ఇజాజ్‌వి. వెనక రేకుల కింద కొలిమి, ఇసుక, పొగ గౌసియావి. మిస్బా ఇంటర్ చదువుతూనే తల్లి పక్కన పేటీలు కూరేది. ఆ పిల్లకు చేయి బాగా వచ్చింది, పైగా నాలాగే నోరు కూడా వచ్చింది. ఇజాజ్ చెడ్డవాడేమీ కాదు. తాగడు, కొట్టడు, నవ్వుతూ మాట్లాడతాడు. గిరాకీ రాగానే, "గీ మూత పొయ్యనీకి నాకు ఎంత తక్లీఫ్ అయిందో తెల్సా?" అని మొదలుపెట్టేవాడు. అతని గోళ్లు చూస్తే శుభ్రంగా, తెల్లగా ఉంటాయి. గోళ్లెవరు చూస్తారు? మాల్ మీద నిషాన్ చూస్తారు. ఖేడ్‌లోనే కాదు, చుట్టుపక్కల మోటారు మెకానిక్కులంతా రెండు గీతలు, చుక్క ఉందంటే కళ్లు మూసుకుని తీసుకుపోయేవాళ్లు.

పోయిన ఏడు ఒక కంపెనీ వాళ్లు ఊరి చివర పాత పత్తి గోదాము అద్దెకు తీసుకుని శిక్షణ కేంద్రం తెరుస్తామన్నారు. పోత పని నేర్పి, ఇక్కడి పిల్లలను ఫ్యాక్టరీలకు అప్రెంటిస్‌లుగా పంపుతారట. దానికి మేనేజరుగా వచ్చినవాడు హనోకు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. నేర్పే మనిషి కోసం వెతుకుతూ నా కొట్టుకే వచ్చాడు. బల్ల మీదున్న మూత తీసుకుని, వేలితో తడిమి, "చాలా నీట్‌గా ఉంది. ఈ గుర్తు ఎవరిది?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపల ఇజాజ్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. "నాదే సార్."

"నిషాన్ ఈనది సార్, పని మాత్రం ఈన భార్యది. వెనక ఉన్నది, పిలుస్త చూడుండ్రి" అన్నాను.

హనోకు నేనేదో వేళాకోళం ఆడానన్నట్టు నవ్వాడు. "ఇంట్లో వాళ్లు హెల్ప్ చేస్తారు కదమ్మా, మంచిదే" అని, ఇజాజ్‌తో చేయి కలిపాడు. వెనక రేకుల దాకా పది అడుగులు కూడా ఉండవు. ఆ మనిషి వెళ్లి చూడలేదు.

ఆడపిల్లలను కూడా చేర్చుకుంటామని అతను చెప్పగానే మిస్బా పేరిచ్చేసింది. ప్రారంభం రోజున పెద్దలందరి ముందూ ఇజాజ్ ఒక మూత పోసి చూపించాలి, అది బాగా వస్తే నౌకరి అతనిదే అని ఖాయం చేసుకున్నారు.

ఆ మధ్యాహ్నం గౌసియా నా కొట్టులోకి వచ్చి నిలబడింది. నుదుటి మీద మసి, కళ్లు మెరుస్తున్నాయి.

"అక్కా, నేర్పిచ్చే పని నేను చేస్త."

"చెయ్యి మరి. పోయి మీ ఆయనకు చెప్పు."

చెప్పింది. వాళ్లు కొట్టులోనే ఒక గదిలో ఉంటారు, మాట్లాడుకునేది ఉర్దూ, గోడ ఇవతల నాకు అంతా వినబడుతుంది. ఇజాజ్ ముందు నవ్వాడు. తర్వాత లోకం ఏమంటుందన్నాడు. చివరికి గొంతు తగ్గించి, ఈ నౌకరి నాకు వస్తే కొట్టు మొత్తం నీదే, ఇక నా నిషాన్ పెట్టనక్కర్లేదు, ఖుదా కసమ్ అన్నాడు. గౌసియా ఆ ఒక్క మాట దగ్గర పడిపోయింది. ప్రారంభం రోజుకు పేటీ తనే కూరి ఇస్తానని ఒప్పుకుంది. ఇజాజ్ నడుము వంచి ఇసుక పిసికి చాలా ఏళ్లయింది, అందరి ముందూ కూరమంటే బండారం బయటపడుతుంది. అందుకని పేటీ ఇంట్లోనే కూరి, మూసి, గోదాముకు తీసుకుపోయి, అక్కడ లోహం మాత్రం పోయాలని అతని ఎత్తు.

పొద్దున్నే ఆటో వచ్చి ఆగింది. గౌసియా మూసిన పేటీ మీద చేయి వేసి నిలబడింది.

"కూరిన పేటీ ఎవరన్న ఆటోల తీస్కపోతరా? పై పేటీల ఇసుక కూలుతది. నేనే గాడికి వచ్చి కూరుత."

"నువ్వొచ్చి కూరితే ఇగ నేనెందుకు గాడ?" అన్నాడు ఇజాజ్.

పోత పని తెలిసినవాడు ఎవడూ చేయని పని అది. కూరిన ఇసుక కదిలిస్తే కూలుతుందని మొదటి నెలలోనే తెలుస్తుంది. ఇజాజ్‌కు ఒకప్పుడు తెలుసు. కుర్చీలో కూర్చుని గొప్పలు చెప్పీ చెప్పీ ఆ మాట కూడా మరిచిపోయాడు. కొట్టు మూసి మిస్బాతో పాటు నేను కూడా ఎక్కాను. గౌసియా సీటు మీద కూర్చోలేదు. ఆటోలో కింద కూర్చుని, ఆ బరువు తొడల మీద పెట్టుకుంది. పైపుల కోసం తవ్వి వదిలేసిన రోడ్డు మాది, తవ్విన మన్ను ఎక్కడిదక్కడే. ఎగిరిన ప్రతిచోటా ఆమె పళ్లు బిగించి, రెండు చేతులతో పేటీని గాల్లోకి లేపి పట్టుకునేది. ఇజాజ్ డ్రైవరు పక్కన కూర్చుని అద్దంలో జుట్టు సవరించుకున్నాడు. ఆ జుట్టు పట్టుకుని ఆటోలోంచి దింపేయాలనిపించింది నాకు.

గోదాము దగ్గర దిగాక గౌసియా చివరిసారి చెప్పింది. "పొయ్యే ముంగట ఒక్కసారి పై పేటీ లేపి చూడు."

"అందరి ముంగట లేపి చూస్తే, నా మాల్ మీద నాకే నమ్మకం లేదనుకోరా? నువ్వు గీడనే ఉండు."

వాచ్‌మన్‌ను తోడు తీసుకుని పేటీ లోపలికి మోసుకుపోయాడు. నన్ను ఊళ్లో మేస్త్రినని పిలిచారు కాబట్టి నాకు కుర్చీ దొరికింది. గౌసియా, మిస్బా బయట వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డారు.

ఉపన్యాసాలు అయ్యాయి. శాలువాలు అయ్యాయి. మన చేతివృత్తుల గొప్పతనం గురించి, చేతిలో చిన్న గాటు కూడా లేని పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఆ తర్వాత ఇజాజ్ మూసలోంచి కరిగిన అల్యూమినియం పోశాడు. పోయడం బాగానే పోశాడు, ధార తెగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. చల్లారాక పేటీ విప్పి, సుత్తితో ఇసుక కొట్టాడు.

లోపల మూత లేదు. ముద్ద ఉంది. పై పేటీ ఇసుక కూలి సగం నింపేసింది, మిగిలిన సగంలో లోహం ఎటు దారి దొరికితే అటు పారి గడ్డకట్టింది. బేరింగు కూర్చునే బొక్క పూడిపోయింది. ఒక పక్క పేడ కొట్టినట్టు పొర, ఇంకో పక్క కన్నాలు. నిషాన్ గీసింది కింది పేటీలో. దానికేమీ కాలేదు. ఆ దిక్కుమాలిన ముద్ద మీద రెండు గీతలూ చుక్కా అచ్చు గుద్దినట్టు మెరుస్తున్నాయి.

ఇజాజ్ ముఖంలో రక్తం లేదు. నిజం చెబుతాడని ఒక్క క్షణం అనుకున్నాను. తప్పయిపోయింది, ఆటోలో తెచ్చాను అంటే ఎవరు కొడతారు? అతను చేతులు దులుపుకుని హనోకు వైపు తిరిగాడు.

"ఇంట్ల ఆడోళ్లు పేటీ ముట్టుకున్నరు సార్. వద్దని చెప్పిన, వినలే. ఆడ చెయ్యి పడితే పోత ఉడుకుతది. మా ఫౌండ్రీల గిది అందరికి ఎరుకే."

కిటికీ వైపు చూశాను. మిస్బా ఊచలు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. గౌసియా నేల చూస్తోంది.

అంతకన్నా రోత పుట్టించింది లోపలివాళ్లు. ఒక పెద్దమనిషి, "అవునవును, కొన్ని పద్ధతులుంటయి మరి" అన్నాడు. ఇంకొకాయన తల ఊపాడు. చదువుకున్న హనోకు కూడా, హమ్మయ్య కారణం దొరికిందన్నట్టు తల ఊపాడు. నేను లేచి అరిచాను. "ఏం పద్ధతి? కూరిన పేటీని గీ గుంతల రోడ్డు మీద ఆటోల తెస్తే కూలదా? ఆమె మొత్తుకున్నది, ఈన వినలే!" "అమ్మా, మీరు కూర్చోండి, ప్రోగ్రాం నడుస్తోంది" అన్నారు. పక్కనున్న ఇద్దరు నన్ను కుర్చీలోకి నొక్కారు.

తర్వాత ఏం చేశారో తెలుసా? ముద్దను ఒక గుడ్డలో చుట్టి మూలకు తోశారు. హనోకు నా కొట్టులో చూసిన ఆ మంచి మూత కార్లోంచి తెప్పించాడు, మాదిరి కోసమని అంతకుముందు పట్టుకుపోయాడు లెండి. దాన్ని ఇజాజ్ చేతిలో పెట్టి, నిషాన్ కనబడేలా తిప్పించి ఫోటో తీశారు. అది గౌసియా పోసిన మూత. ఆడ చేయి పడితే ఉడుకుతుందన్న పోత. దాన్ని గుండెకు ఆనించుకుని ఇజాజ్ పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

నౌకరి అతనికే ఇచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఇజాజ్ లేడు, భోజనాలకు ఆగిపోయాడు. గౌసియా మూలన పడేసిన ఆ ముద్దను గుడ్డతో సహా తెచ్చి ఒడిలో పెట్టుకుంది. కరిగించి మళ్లీ వాడుకుంటుందనుకున్నాను. అల్యూమినియం ముక్క పారేసే మనిషి కాదు ఆమె.

కొట్టు సంగతి ఏమైందని మర్నాడు అడిగితే, కొన్ని దినాలు ఆగు, నిషాన్ మారిస్తే గిరాకీ పోతది అన్నాడట ఇజాజ్. దానికి కూడా గౌసియా ఊరుకుంది. ఊరుకున్నందుకు నేనామెను తిట్టాను కూడా.

వారం తిరగకుండా మిస్బా ఏడుస్తూ వచ్చింది. పోత బ్యాచ్‌లో ఆడపిల్లలు వద్దని తీసేసి, అందరినీ కుట్టు పనిలో వేశారు. "మీ నాయనే చెప్పిండు కదమ్మా, షెడ్డుల ఆడోళ్లు ఉంటే పోత పాడైతదని" అన్నారట అక్కడ. ఇంటికొచ్చి తండ్రిని నిలదీస్తే, ఇజాజ్ గోడ వైపు తిరిగి, కుట్టు పని కూడా మంచిదే బేటా అన్నాడట. మెడలో వేసుకున్న కొలత టేపు తీసి మిస్బా నా కొట్టు ముందు కాలువలో విసిరికొట్టింది.

గౌసియా అంతా విని లేచింది. కొలిమి రాజేసింది. ఆ రోజు కూరిన పేటీల్లో మేకు పెట్టలేదు. మూతలన్నీ నున్నగా, ఏ గీతా లేకుండా వచ్చాయి.

"నీ గుర్తు నువ్వు పెట్టుకోరాదు?" అన్నాను.

"నిషాన్ ఉస్తాద్ ఇయ్యాలె అక్కా. నాకు నేను పెట్టుకుంటే దొంగతనమైతది. వద్దు. ఉత్తగనే ఉండనీ."

ఆ పద్ధతి నాకు నచ్చలేదు. ఇన్ని జరిగాక కూడా ఆ ఫౌండ్రీ నియమాలేమిటి అనిపించింది. కానీ ఆమె గొంతులో మొదటిసారి ఏదో గట్టిదనం వినబడి ఊరుకున్నాను.

మొదటి దెబ్బ సంగమేశ్వర్ రూపంలో వచ్చింది. బోరు మోటార్ల మెకానిక్కు, మా ఇద్దరికీ పాత గిరాకీ. మూతలు తిప్పి తిప్పి చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"గీ మూతల మీద నిషాన్ లేదేంది? డూప్లికేట్ మాల్ అంటగడుతున్నరా?"

"గదే చెయ్యి అన్నా" అంది గౌసియా.

"గవన్ని నాకెందుకు? ఇజాజ్ భాయ్ నిషాన్ ఉన్నదే కావాలె నాకు."

నేను తగులుకుందామని పైకి లేచాను. గౌసియా చేత్తో ఆగమంది. లోపలికి వెళ్లి ముద్ద తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నిషాన్ ఉన్నది కావాలంటివి కదా. ఇగో, తీస్కపో."

సంగమేశ్వర్ ముద్దను చూశాడు. గీతలు చూశాడు. ఆ ప్రారంభం సంగతి ఊరందరిలాగే అతనికీ తెలుసు. ముద్ద బల్ల మీద పడేసి, నున్నటి మూతల వైపు ఒకసారి చూసి, ఏదీ తీసుకోకుండా బండెక్కి పోయాడు. ఇన్నాళ్లూ ఏ చేతి మాల్ వాడి బతికాడో ఆ చేయి ఎదురుగా ఉంటే వద్దన్నాడు. ఛీ అనిపించింది. గౌసియా అతన్ని వెనక్కి పిలవలేదు. మందపాటి ఇనుపతీగ ముక్క కావాలని నన్ను అడిగింది. ఇచ్చాను. స్టూలెక్కి, ‘ఇజాజ్ ఫౌండ్రీ వర్క్స్’ బోర్డు కింద ఆ ముద్దను వేలాడదీసింది. నిషాన్ రోడ్డు వైపు తిప్పింది.

సాయంత్రం డిపోలోంచి బస్సులు పోయే వేళకు సందులో జనం ఆగి చూస్తున్నారు. ఇజాజ్ కొత్త బండి మీద, మెడలో శిక్షణ కేంద్రం వాళ్ల ట్యాగు వేసుకుని వచ్చాడు. తల ఎత్తి చూసి, బండి స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించాడు.

"ఏంది గిది? దించు! నలుగురు చూస్తున్నరు. నా ఇజ్జత్ ఏం గావాలె?"

గౌసియా ఇసుక చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. వెనకాల మిస్బా. మామూలుగా మొగుడితో ఉర్దూలోనే మాట్లాడే మనిషి, ఆ రోజు సందంతా వినేలా తెలుగులో అంది.

"ఇన్నేండ్లు నేను చేసిన మాల్ మీద నీ నిషాన్ ఉండె. గప్పుడు నీ ఇజ్జత్ పోలే. ఒక్కసారి నీ మాల్ మీద నీ నిషాన్ ఉంటే పోతదా?"

ఇజాజ్ నావైపు చూశాడు, నేను తల తిప్పుకోలేదు. ముద్ద అందుకోవాలంటే స్టూలెక్కాలి, స్టూలెక్కాలంటే నడుము వంగాలి. ట్యాగు తీసి చొక్కా జేబులో కుక్కుకుని లోపలికి పోయాడు. మిస్బా జల్లెడ తెచ్చి ఇచ్చింది. గౌసియా రేకుల కింద కూర్చుని మర్నాటికి ఇసుక జల్లించడం మొదలుపెట్టింది.